తిరుగు యంత్రములు – పనివాని చేతులు
(సంఘ వార్షిక మహాసభయందు, బంజారా హిల్స్‌లో చేసిన యుపన్యాసము)



మాకు ముందు మాటలాడిన పెద్దలు విశ్వకర్మ భగవానుని పంచముఖములనుండి మన పంచవృత్తులు వెలసిన వైనమును, విద్యార్థి వసతిగృహముల యావశ్యకతను, వివాహవ్యయములను తగ్గించుకొనవలసిన తీరును విపులముగా సెలవిచ్చిరి. మేము చెప్పవచ్చినది అంత గంభీరమైన విషయము కాదు. నాలుగంగుళముల గ్రైండరును గూర్చియు, కట్టరును గూర్చియు, డ్రిల్లు మిషనును గూర్చియు నాలుగు మాటలు చెప్పవలెనని వచ్చితిమి. ఇట్టి విషయము మహాసభకు తగునా యని కార్యవర్గములో నొకరిద్దరు సందేహించిరని వింటిమి. ఈ మందిరమున కూర్చున్నవారిలో నెందఱి యెడమచేతికి ఐదు వ్రేళ్లును సరిగా నున్నవో చేతులెత్తి చూపుడని యడిగినచో ఆ సందేహము తీరిపోవును. అడుగము, అది మర్యాద కాదు.

మన తాతలు తిరుగు పనిముట్ల నెఱుగనివారు కారు. వడ్రంగి బరమా తిరుగునదే. తరిమెన తిరుగునదే. కమ్మరియింటి సానయు తిరుగునదే. బరమాకు త్రాడు చుట్టి కమానుతో ముందుకు వెనుకకు లాగుచు కొయ్యలో రంధ్రము వేయుచుండగా మేము చిన్నతనమున ప్రక్కన కూర్చుండి చూచినవారమే. ఆ బరమాలో నొక గుణము గలదు. చేయి ఆగినచో అదియు ఆగును. కొయ్యలో ముడి యడ్డుపడినచో త్రాడు జారును. పనివాడు నవ్వి మరల చుట్టుకొనును. ఉలి తప్పి వ్రేలికి తగిలినచో ఆ గాయము మన చేతిబలమెంతయో అంతయే యుండును. గాయము చేసిన బలమును మనదే, ఆపవలసిన బలమును మనదే.

విద్యుచ్ఛక్తితో తిరుగు చేతియంత్రమున ఈ రెండును విడిపోయినవి. జర్మనీ దేశమున స్టుట్‌గార్టు పట్టణమందు ఫైన్ అనువారు 1895లో విద్యుత్తుతో తిరుగు చేతిడ్రిల్లును చేసిరి. అమెరికాలో బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీవారు 1917లో పిస్తోలు పిడియు మీటయు గల డ్రిల్లుకు పేటెంటు పొందిరి. నేడు మన సంచులలో నున్న గ్రైండరుకు మూలమైన యంత్రము 1954లో, జర్మనీలోనే పుట్టినది. అనగా విశ్వకర్మనాటి వృత్తిలోనికి వచ్చిన ఈ పనిముట్టు మన పెద్దలలో కొందఱికంటె వయస్సున చిన్నది. ఉలిని గూర్చి వేయితరముల బుద్ధి మన చేతులలో నిలిచియున్నది. దీనిని గూర్చి ఒక తరపు బుద్ధియు ఇంకను నిలువలేదు. కమ్మరి కొడుకు సమ్మెట పట్టుటకు ముందు ఏండ్లతరబడి కొలిమితిత్తి నూదెడివాడు. నేటి పిల్లవాడు ఉదయమున పనిలో చేరి మధ్యాహ్నమునకు గ్రైండరు పట్టుచున్నాడు.

ఈ విషయమును ఈ తావున చెప్పుట మాకు సమంజసముగానే తోచుచున్నది. మనము కూడియున్న ఈ బంజారా గుట్టలు సుమారు 250 కోట్ల సంవత్సరముల వయస్సు గల నల్లసేనపు ఱాళ్లు. గ్రానైటు అని యందఱును పిలుచునవి. ఇచ్చట గుడిసెలు వేసికొన్న బంజారాల పేరు వీనికి నిలిచినది. మెహదీ నవాజ్ జంగు, తరువాత 1960లో గుజరాతు రాష్ట్రమునకు తొలి గవర్నరైనవారు, ఈ గుట్టలమీద ఇల్లు కట్టుకొన్న తొలివారిలో నొకరు. ఉన్న ఱాళ్ల నున్నట్లే యుంచి వానినడుమ గోడలు లేపించినారని చెప్పుదురు. తరువాత వచ్చినవారికి అంత యోపిక లేకపోయెను. వడ్డెర సోదరులు సమ్మెటలతోను శానములతోను కొట్టిన ఱాతి చప్పుడు పోయి, నేడు ఏ రోడ్డున నడచినను ఏదో యొక మేడలోనుండి కట్టరు కూత వినబడుచున్నది. వంటయింటి గట్టుకు ఱాయి కోయుచుందురు, లేదా గోడయలమరకు ప్లైవుడ్డు కోయుచుందురు. అమీర్‌పేటలో ఇఱుకు గదులలో నలుగురైదుగురు చొప్పున కాపురముండి, తెల్లవాఱగనే సంచి భుజమున వేసికొని పంజగుట్ట దాటి ఈ గుట్టలెక్కు పిల్లలలో మనవారు మిక్కుటముగా నున్నారు.

ఇక ఆ యంత్రపు వేగమెంతయో చూడుడు. నాలుగంగుళముల గ్రైండరు నిమిషమునకు సుమారు 11,000 చుట్లు తిరుగును. సెకనునకు 180కి పైగా చుట్లు. కనుఱెప్ప వాల్చి యెత్తునంతలో ఏబది చుట్లు తిరిగిపోవును. చక్రపు టంచు సెకనునకు 57 మీటర్లు పోవుచుండును. గంటకు లెక్కించినచో 200 కిలోమీటర్లు దాటును. మన దేశమున నడచు రైలుబండి యేదియు ఈ వేగము నందుకొనదు. ప్రమాదము తోచి చేయి వెనుకకు తీసికొనుటకు మనుష్యునకు పావుసెకనైనను పట్టును. ఆ పావుసెకనులో చక్రము నలుబదిసార్లు తిరుగును. కావున “నాకు చేతివాటము గలదు, అంతలోనే తీసికొందును” అను మాట ఈ యంత్రముముందు చెల్లదు. ఎంతటి నేర్పరియైనను ఇంత త్వరగా చేయి తీయజాలడు. మఱియు స్విచ్చి ఆపినంతమాత్రమున ఇది బరమావలె నిలిచిపోదు. కొన్ని సెకనులు తిరుగుచునే యుండును. అట్లు తిరుగుచుండగనే నేలమీద పెట్టుటయు, తొడమీద ఆనించుటయు మనవారికి అలవాటు.

ఇప్పుడు మా యింటి సంగతి చెప్పుదుము.

2016వ సంవత్సరపు వేసవిలో ఈ గుట్టలమీదనే యొక యింట మేము కొయ్యపని యొప్పుకొంటిమి. గృహప్రవేశమునకు ముహూర్తము పెట్టియుండిరి. పని వెనుకబడినది. మా చెల్లెలి కుమారుడు, అప్పటికి ఇరువదియొక్క యేండ్లవాడు, మాయొద్ద పనిచేయుచుండెను. చేయి చురుకైనది, చిత్రిక పట్టినచో అద్దమువలె నుండెడిది. చేతులు కడుగు గిన్నె క్రింద పెట్టెకు ప్లైవుడ్డులో గుండ్రని కోత కోయవలసి వచ్చెను. కోతకు రంపపు యంత్రము వేఱొక గదిలో నుండెను. గ్రైండరు చేతికందునంతలో నున్నది. దానికి నలుబది పండ్ల కొయ్యబ్లేడు బిగింపబడి యున్నది. ఆ బ్లేడు గార్డులో పట్టదు. కావున ఆ గార్డును చాలకాలముక్రిందటనే తీసి సంచిలో వేసియుంటిమి. తీసినవారమెవరు? మేమే. బిగించి యిచ్చినవారమును మేమే. “ఒక్క కోతయేగదా, కానిమ్మురా” అన్నదియు మేమే.

వాడు పలకను ఎడమకాలితో త్రొక్కిపట్టి, యెడమచేతితో అంచును పట్టుకొని, కుడిచేత నొక్కదానితోనే యంత్రమును నడిపెను. కోత సగము దాటునప్పటికి పలక వంగి కోతసందు మూసికొనెను. బ్లేడు పండ్లు కొయ్యను కఱచిపట్టినవి. యంత్రము తన్నెను. కేకకూడ వినబడలేదు, చప్పుడు మారినదని మాత్రము ప్రక్కగదిలో మాకు తెలిసెను. ఎడమచేతి బొటనవ్రేలును, దానిప్రక్క రెండు వ్రేళ్లును పోయినవి. అంతయు ఒక యూపిరి తీసికొనునంత సేపు.

వాని తల్లి మమ్ము నేటివఱకు నొక్కమాటయు అనలేదు. అనియున్నచో మాకు కొంత తేలికగా నుండెడిది.

ఆనాటినుండి మేము ఈ యంత్రములను గూర్చి చదివితిమి, అడిగితిమి, మా దుకాణమున కొన్ని కట్టుబాట్లు చేసితిమి. అవి మేము కనిపెట్టినవి కావు. యంత్రముతోడ పెట్టెలో వచ్చు చిన్నపుస్తకమునందు అచ్చువేసియున్నవే. ఆ పుస్తకమును మనము పెట్టెతోపాటు పారవేయుచున్నాము.

వానిలో మొదటిది, గ్రైండరుకు పండ్లబ్లేడు బిగింపరాదు. గ్రైండరు అరుగదీయుటకును, లోహమును ఱాతిని కోయుటకును చేయబడినది. దాని చక్రమునకు పండ్లుండవు; అది రాచి కోయును. పండ్లుగలది కొయ్యను పట్టును. పట్టి తిరుగలేకపోయినప్పుడు చక్రమాగును, కాని మోటారు బలమెక్కడికి పోవును? ఆ బలము యంత్రమునే యెదురుదిక్కునకు విసరును. దీనినే మనవారు తన్నుట యందురు. కొయ్యకోయు చేతియంత్రమునకు వెడల్పైన అడుగుపలక యుండును. అది కొయ్యమీద ఆని నిలుచును. క్రింద స్ప్రింగుతో మూసికొను గార్డుండును. కోత ముగియగనే బ్లేడును తానే కప్పుకొనును. ఏడంగుళముల రంపపు యంత్రము నిమిషమునకు సుమారు 5,000 చుట్లే తిరుగును. గ్రైండరుకు అడుగుపలకయు లేదు, మూసికొను గార్డును లేదు, వేగము రెండింతలు. వేయిరూపాయలు మిగులునని ఈ రెంటిని ఒకటిగా వాడుకొనుచున్నాము. అంగడిలో అమ్ముచున్నారుగదా యని కొందఱందురు. అంగడిలో అమ్మునదెల్ల మనకు హితమైనచో సారాయంగడియు హితమే కావలెను.

తన్నుట పండ్లబ్లేడుకు మాత్రమే గలదని తలపరాదు. కోతచక్రమును ఇఱుకుకొన్నచో తన్నును. అందుచేత కోయు వస్తువును కాలితో త్రొక్కిపట్టక బిగింపుతో బిగింపవలెను. పలక కోతకు రెండుప్రక్కల ఆనియుండవలెను, సందు తెఱచుకొనవలెనేగాని మూసికొనరాదు. యంత్రమును రెండుచేతులతో పట్టవలెను. ప్రక్కపిడి యిచ్చినది అందుకే. చక్రము తిరుగు వరుసలో ముఖమును ఛాతిని ఉంచక కొంచెము ప్రక్కకు నిలువవలెను. ఈ ప్రక్కకు నిలుచుట యొక్కటి యలవడినను చాల ముఖములు దక్కును.

గార్డును గూర్చి మఱికొంత చెప్పక తప్పదు. గార్డు తీసిన యంత్రము పట్టువాడే మేస్త్రీ యనియు, గార్డుతో పట్టువాడు క్రొత్తవాడనియు మనలో నొక దురభిప్రాయము పుట్టినది. మూలలు కోయుటకు అడ్డమని తీయుదురు. ఏడంగుళముల చక్రము నాలుగంగుళముల యంత్రమునకు ఎక్కించుటకు తీయుదురు. ఈ రెండవది ప్రాణాంతకము. మంచి కోతచక్రము లెక్కువభాగము సెకనునకు 80 మీటర్ల యంచువేగమునకు తయారైనవి. నాలుగంగుళముల చక్రము 11,000 చుట్లమీద 57 మీటర్లే పోవును గనుక కొంత ఎడమున్నది. ఏడంగుళముల చక్రమును అవే 11,000 చుట్లమీద త్రిప్పినచో అంచు 100 మీటర్లు దాటిపోవును. దానిమీదనే 8,500 చుట్లకు మించరాదని వ్రాసియుండును. మించినచో పగులును. పగిలిన ముక్క గార్డులేని యంత్రమునుండి సూటిగా కంఠమునకో కంటికో వచ్చును. గార్డు చేయు పని యిదియే. ముక్కలు పోవలసివచ్చినచో మనమీదికి కాక ఆవలికి పోవునట్లు చేయును. అందుకే దానిని త్రిప్పి బిగించుకొనుటకు వీలుగా నుంచిరి. మూల యడ్డమైనచో గార్డును త్రిప్పుకొనవలెను, తీయరాదు.

చక్రమును కొనునప్పుడు దానిమీద వ్రాసియున్న చుట్ల సంఖ్య యంత్రముమీది సంఖ్యకంటె ఎక్కువగా నున్నదా యని చూడవలెను. నడుమనుండు లోహపు వలయముమీద మాసమును సంవత్సరమును కొట్టియుండును. అది చక్రపు ఆయువు. జిగురుతో బిగించిన చక్రములు మూడేండ్లు దాటినపిదప నమ్మరానివి. తడిసినదియు, క్రిందపడినదియు పారవేయవలెను. ఇరువది ముప్పది రూపాయల వస్తువునకు మమకారమేల? సన్నని కోతచక్రమును ప్రక్కకు వంచి అరుగదీయుట కుపయోగించుట మనలో సామాన్యము. అది ప్రక్కబలమునకు నిలువదు. క్రొత్తచక్రమును బిగించినపిదప మనుష్యులు లేని దిక్కునకు త్రిప్పి యొక నిమిషము ఖాళీగా నడిపినచో లోపమున్నది అప్పుడే బయటపడును.

కరెంటు సంగతి. పని నడుచుచుండగా కరెంటు పోవును. పనివాడు యంత్రమును క్రింద పెట్టి టీ త్రాగబోవును. స్విచ్చి వేసినది వేసినట్లే యుండును. కరెంటు వచ్చినప్పుడు యంత్రము తనంతట తాను లేచి నేలమీద పరుగెత్తును. పిల్లవాడొకడు దానిప్రక్కనే నిద్రించుచుండగా ఇట్లు జరిగినది మేము చూచితిమి. ఆనాడు వాని చొక్కా మాత్రమే చినిగినది. కరెంటు పోగానే స్విచ్చి ఆపవలెను. చక్రము మార్చునప్పుడు ప్లగ్గు లాగివేయవలెను. స్విచ్చి ఆపుట చాలదు, ఏలనన గోడయొద్ద నున్నవాడు మన సంగతి యెఱుగడు. ప్లగ్గు లేకుండ రెండు తీగెలు సాకెట్టులో దూర్చి అగ్గిపుల్లతో బిగించు విద్యను మన కులవిద్యలలో చేర్చవలదని మా మనవి. ఱాతికోతలో నీరు పోయువారు 30 మిల్లీయాంపియర్ల లీకునకే తెగిపడు రక్షక స్విచ్చి గల బోర్డునుండియే కరెంటు తీసికొనవలెను. నీరు, కరెంటు, తడికాళ్లు మూడును ఒకచోట కూడినప్పుడు ఆ స్విచ్చియే దిక్కు.

వేషమును గూర్చి రెండు మాటలు. డ్రిల్లు మిషను మెల్లగా తిరుగునని నిర్లక్ష్యము చేయుదురు. అది కోయదు, చుట్టును. లుంగీకొస, మెడలోని తువ్వాలు, చేతికి కట్టిన రాఖీ, వదులైన నూలుతొడుగు, వ్రేలాడు చెవితీగెలు, ఏది దొరకిన దానిని చుట్టుకొని లోనికి లాగును. మనలో జంధ్యము ధరించినవారు చాలమంది యున్నారు. చొక్కాలేక పని చేయుచు, వంగి డ్రిల్లు పట్టునప్పుడు అది ముందునకు వ్రేలాడును. చొక్కా తొడిగి లోన నుంచుకొనుట అపచారము కాదు. సిమెంటులో రంధ్రము వేయునప్పుడు బిట్టు ఇనుపకడ్డీకి తగిలి పట్టుకొన్నచో యంత్రమే తిరిగి మణికట్టును మెలిపెట్టును. దీనికిని ప్రక్కపిడియే మందు. నిచ్చెనపై ఒంటిచేతితో డ్రిల్లు పట్టువాడు ఆ మెలికతో క్రిందికి వచ్చును.

ఈ గుట్టలమీదనే, రెండవనంబరు రోడ్డున, 1987లో నెలకొన్న ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ గలదు. దేశవిదేశములనుండి అచ్చటికి కన్నులు చూపించుకొన వచ్చుచుందురు. ఆ గోడయావల పనిచేయు మన పిల్లవాడు కన్ను మూసికొని, ముఖము ప్రక్కకు త్రిప్పి ఇనుము కోయుచుండును! రెప్ప యెంత దళసరి? నిప్పురవ్వ గంటకు ఇన్నివందల కిలోమీటర్ల వేగముతో వచ్చునపుడు రెప్ప కాగితమే. చూపు కళ్లద్దములు చాలవు. ప్రక్కలు మూసికొనిన రక్షకపు కళ్లద్దములు కావలెను. వాని వెల యొకపూట భోజనమునకు మించదు. రవ్వ కంటిలో పడినచో నలుపరాదు. అగ్గిపుల్లతోను, తువ్వాలుకొసతోను తీయింపరాదు. లోతుగా గ్రుచ్చుకొన్నచో లాగరాదు. కంటిని నొక్కకుండ కాగితపు గ్లాసు బోర్లించి కట్టి వైద్యునియొద్దకు పోవలెను.

ఇంతవఱకు చెప్పినవి నెత్తురు కనబడు గాయములు. ఱాతిపని చేయు సోదరుల గాయము కనబడదు. గ్రానైటులో పావువంతు మొదలు మూడవవంతువఱకు సిలికా యుండును. ఇప్పుడు వంటయిండ్ల గట్టులకు “క్వార్ట్జ్” అను పేరున వచ్చుచున్న కృత్రిమ శిలలో నూటికి 90 పాళ్లవఱకును అదియే. పొడిగా కోసినచో లేచు ధూళిలో కంటికి కనబడనంత సన్ననిది ఊపిరితిత్తుల లోపలికి పోయి అచ్చటనే నిలిచి పుండు చేయును. సిలికోసిస్ అను ఈ వ్యాధి కుదుర్చు మందు నేటివఱకు లేదు. ఆస్ట్రేలియా దేశమువారు తమ ఱాతిపనివాండ్రలో యువకులు సైతము దీనివాత పడుట చూచి, 2024 జూలై 1నుండి ఆ కృత్రిమశిలనే నిషేధించిరి. అచ్చట నిషేధమైనది ఇచ్చట మూసిన వంటయింట, కిటికీలు బిగించి, ముఖమునకు తువ్వాలు చుట్టుకొని కోయుచున్నాము. తువ్వాలు పెద్దధూళినే ఆపును. ప్రాణము తీయు సన్నధూళి దాని పోగులలోనుండి సుఖముగా పోవును. ఎన్-95 తరగతి ముసుగు ముక్కునకు బిగియునట్లు పెట్టవలెను. అంతకంటె మేలైనది నీరు పోసి కోయుట. ఇంకను మేలైనది కొలతలు తీసికొనిపోయి అంగడియొద్ద నీటియంత్రముమీద కోయించి తెచ్చుట. కొయ్యధూళియు నిర్దోషి కాదు. కేన్సరు కారకములను పరిశీలించు అంతర్జాతీయ సంస్థవారు దానిని నిశ్చితమైన కారకములలో చేర్చి చాలకాలమైనది.

మఱియొక ప్రమాదము ఇంటిలోపలి పనులయందే గలదు. ఒక గదిలో పాలిషువాండ్రు థిన్నరు తెఱచి యుంచుకొందురు. ప్రక్కగదిలో మనవాడు ఇనుము కోయుచు రవ్వలు చిమ్ముచుండును. ఇట్టిచోట ముందుగా ఎవరి పని ముగియవలెనో మేస్త్రీ నిర్ణయింపవలెను.

ఇదంతయు వినుటకు బాగున్నది, కాని కాంట్రాక్టరు తొందరపెట్టునప్పుడు జరుగునా యని మీరడుగుదురు. న్యాయమైన ప్రశ్న. చదరపడుగునకు ఇంతయని ఒప్పుకొన్నవానికి కాలమే డబ్బు. గార్డు త్రిప్పుకొను అరనిమిషమును నష్టముగనే తోచును. కాని లెక్క పూర్తిగా వేయవలెను. 1923లో చేసిన కార్మిక నష్టపరిహార చట్టమునకు ఒక పట్టిక చేర్చబడినది. దానిలో ఏ యవయవము పోయినచో సంపాదనశక్తి యెంత పోవునో నూటికి ఇంతయని వ్రాసినారు. బొటనవ్రేలికి 30. చూపుడువ్రేలు మొత్తమునకు 14. నడిమివ్రేలికి 12. ఈ పట్టిక వ్రాసినవారెవరో చిత్రిక పట్టినవారు కారని మా యభిప్రాయము. ఎడమబొటనవ్రేలు లేనివాడు ఉలిని నిలువబెట్టలేడు. వానికి పోయినది 30 కాదు, నూఱును. అదియును యజమాని యని యొకడు తేలినప్పుడే వచ్చును. కాంట్రాక్టరు క్రింద కాంట్రాక్టరు, వానిక్రింద మేనమామ, వానిక్రింద మేనల్లుడు. మా విషయమున యజమాని యెవడు? తీగె లాగగా చివరకు మేమే తేలితిమి. ఇంటిని తాకట్టుపెట్టి చికిత్స చేయించితిమి. గృహప్రవేశము ముహూర్తమునకే జరిగినది.

1996నాటి చట్టము ననుసరించి యేర్పడిన భవననిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో వడ్రంగులును ఱాతిపనివారును చేరవచ్చునని మనలో సగముమంది యెఱుగరు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున వడ్రంగము, కమ్మరము, శిల్పము, కంసాలిపని మొదలగు 18 వృత్తులవారికి శిక్షణయు, శిక్షణదినములలో దినమునకు 500 రూపాయల భృతియు, పనిముట్లకు 15,000 రూపాయలవఱకు సహాయమును ఏర్పఱచిరి. ఆ సొమ్ముతో పనిముట్లు తెచ్చుకొన్న పిల్లలను కొందఱిని చూచితిమి. రెండు గ్రైండరులు, మూడు పండ్లబ్లేడులు, కళ్లద్దములు సున్న. వారిని తప్పు పట్టము. వారికి ఆ తీరు చూపినవారము మనమే.

గాయమైనప్పుడు చేయవలసినది నాడు మాకు తెలియకపోయెను గనుక దానినికూడ చెప్పెదము. గాయముమీద శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కిపట్టి చేతిని పైకెత్తి యుంచవలెను. పసుపు, కాఫీపొడి, సున్నము పోయరాదు. తెగిన వ్రేలిని వెదకి, శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్కు సంచిలో వేసి మూతి గట్టి, ఆ సంచిని మంచుగడ్డలుగల మఱియొక సంచిలో నుంచవలెను. మంచుగడ్డ వ్రేలికి నేరుగా తగులరాదు. మేము ఆనాడు వ్రేళ్లను మంచుగడ్డలమీదనే వేసి కొంపోయితిమి. ఆలస్యము చేయక, అతుకు శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికే సూటిగా పోవలెను. మొదట చిన్న ఆసుపత్రి, తరువాత పెద్ద ఆసుపత్రి యని తిరుగుటలోనే మాకు గంటలు గడచినవి.

ఈ సభ ఆమోదమునకై యొక తీర్మానమును కార్యదర్శిగారి చేతికిచ్చితిమి. సంఘసభ్యుడైన మేస్త్రీ యెవడును గార్డులేని యంత్రమును, పండ్లబ్లేడు ఎక్కించిన గ్రైండరును తన పనివానికిగాని, బంధువునకుగాని ఇయ్యరాదని అందున్నది. ఇచ్చినవానికి దండుగ వేయవలెనని కొందఱు మిత్రులు సూచించిరి. దండుగ మేము వ్రాయలేదు. వసతిగృహపు నిధిలోనుండి కొంత తీసి కళ్లద్దములు కొనవలెనని మఱికొందఱనిరి. అది చదువుకొను పిల్లల సొమ్ము, ముట్టవలదు. ఈ సంవత్సరము వేదికకు పెట్టిన పూలదండల వెలతో ఎన్ని జతల కళ్లద్దములు వచ్చునో కోశాధికారిగారు లెక్కవేసి చెప్పగలరు.

మందిరపు వెనుకభాగమున, తలుపుప్రక్కను, ఒక బల్ల వేయించితిమి. దానిమీద గార్డులు, ప్రక్కపిడులు, వాని స్క్రూలు పలురకములు ఉంచబడినవి. రాణీగంజ్‌లోని యొక పనిముట్లయంగడివారు వెలలేకుండ ఇచ్చిరి. మీ గ్రైండరులను తెమ్మని ఆహ్వానపత్రికలోనే వ్రాయించితిమి గనుక కొందఱు సంచులతో వచ్చియుందురు. ఆ బల్లయొద్ద కూర్చున్నవాడు మా మేనల్లుడే. పదేండ్లుగా ఆ యంగడిలోనే పనిచేయుచున్నాడు. ఏ యంత్రమునకు ఏ గార్డు పట్టునో చూపుమాత్రముననే చెప్పగలడు. బిగించునపుడు యంత్రమును మీరు పట్టుకొనవలెను; స్క్రూ వాడు త్రిప్పును. భోజనములకు పిలుపు వచ్చుటకు ఇంకను అరగంట యున్నది, వెనుక వరుసలవారు ముందుగా పోవచ్చును.